మేస్త్రీ దవడకు క్యూరింగ్

పందొమ్మిదో ఏట అరవై అడుగుల పొగగొట్టాన్ని నూలుపోగంత వంకర లేకుండా లేపిన ఘనత తాపీ మేస్త్రీది. అంతకుముందు రెండుసార్లు సగం కట్టి, తూకం తప్పిందని తానే కూల్చుకున్నాడు. ఆ తర్వాత నీళ్ల ట్యాంకులు నాలుగు, మూడంతస్తుల బడి ఒకటి, మెట్ల వరసలకైతే లెక్కే లేదు. ఆయన పూడ్చిన బీట మళ్లీ నోరు తెరిచిందన్న మాట ఇంతవరకు ఎవరూ అనలేదు.

పరంజా మీద నుంచి ఆయన ఈల వేస్తేనే కింద తాడు కదిలేది. ఒక ఈలకు ఇటుకలు, రెండు ఈలలకు సిమెంటు మాలు. అలాంటి మనిషికి ముందుపన్ను వేరుదాకా చీలింది. ఈల వేయబోతే ఉత్త గాలి. కింద ఒకటే నవ్వు. "ఈల పలికేదాకా నేలమీదే ఉండు మేస్త్రీ" అన్నాడు కాంట్రాక్టరు.

పళ్ల డాక్టరమ్మ ఆ పన్ను పీకి, గుంటలో తెల్లటి నూకలాంటి ఎముక గింజలు నింపి, పైన పలచని పొర పరిచి కుట్లు వేసింది.

"ఖాళీగా వదిలేస్తే మానదా అమ్మా?"

"మానుతుంది. కానీ గుంట బయటివైపు ఎముక గోడ కుంగిపోతుంది. కొత్త పన్ను బిగించే స్క్రూకి పట్టుండదు. ఈ గింజలు చోటు కాస్తుంటే, సందుల్లో మీ ఎముక పెరుగుతుంది. గింజలు మెల్లగా కరుగుతాయి."

"పూడ్చింది కరిగిపోతే ఇక నిలిచేదేంటి?"

"మీ ఎముకే."

"అంటే సెంట్రింగ్ చెక్కలు. స్లాబు గట్టిపడ్డాక ఊడదీసేస్తాం."

"అలాగే అనుకోండి. కాకపోతే కొన్ని చెక్కలు లోపలే ఉండిపోతాయి."

దాంతో అర్థమైన కాస్తా పోయింది. చెక్క లోపలుంటే స్లాబెలా నిలుస్తుంది? ఇంటిదాకా అదే ధ్యాస. డాక్టరమ్మ చెప్పిన జాగ్రత్తలేవీ చెవికెక్కలేదు. కొత్తగా పూడ్చినదాన్ని తడుపుతూ ఉండాలని మాత్రం ఆయనకు ఒకరు చెప్పాలా!

మర్నాటి నుంచి గంటగంటకూ బుగ్గలదిరేలా పుక్కిళ్లు.

"అది నోరా, నువ్వు కట్టిన ట్యాంకా?" అంది భార్య.

మూడోనాడు సింకులో నాలుగు తెల్ల గింజలు. పూడ్చింది ఊడింది, అదీ తన నోట్లోనే! మేస్త్రీ గింజల్ని పొట్లం కట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాడు.

"పుక్కిలించొద్దని చెప్పానా లేదా?"

"క్యూరింగ్ అమ్మా! తడపకపోతే బీటలివ్వదూ?"

డాక్టరమ్మ నవ్వాపుకుంటూ నోట్లోకి చూసింది. "పొర ఉంది, కుట్లున్నాయి. పోయినవి పైపైవే. ఎముక పట్టిందో లేదో నాలుగు నెలలకు ఎక్స్‌రేలో తేలుతుంది."

"అప్పటిదాకా నేనేం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యకూడదు."

ముప్పై ఏళ్ల పనిలో, ఏమీ చెయ్యకుండా గట్టిపడినదాన్ని ఆయన ఎరగడు. అయినా నాలుగు నెలలూ నేలమీద ఇటుకలు ఏరుతూ, నాలుకను కట్టేసుకున్నట్టు గడిపాడు.

ఎక్స్‌రేలో గోడ నిలబడే ఉంది.

"ఇందులో మీరు పెట్టిందేది, నాదేది?"

"ఇప్పుడు విడదీసి చెప్పలేం మేస్త్రీగారూ."

స్క్రూ బిగించారు. ఎలా నిలిచిందో ఆయనకు ఈనాటికీ అంతుబట్టలేదు. కొత్త పన్ను మూడు నెలలకు పెడతానంది డాక్టరమ్మ. ఆ లెక్కన మేస్త్రీ మళ్లీ పరంజా ఎక్కే రోజును కాంట్రాక్టరు సామాన్ల గది తలుపు మీద సుద్దతో రాసిపెట్టాడు: ఫిబ్రవరి పన్నెండు.