జరగలేదని నేను చెప్పిన సంగతి

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చాక మా అమ్మాయి, అల్లుడు, నాలుగేళ్ల మనవరాలితో కలిసి నేలకొండపల్లి బౌద్ధ స్తూపం చూసి వచ్చాం. మర్నాడు పొద్దున మా అమ్మాయి పిల్లకు తల దువ్వుతూ, తనకు తెలిసిన సంగతులనే తెలియనట్టు ఒక్కొక్కటిగా అడగడం మొదలుపెట్టింది. నిన్న మనం ఏడికి పోయినం, నీ బిస్కెట్టు ఎవరు గుంజుకున్నరు, అప్పుడు నీకు ఏడుపొచ్చిందా కోపమొచ్చిందా అని. మేక గుంజుకుందని చెప్పింది పిల్ల. పాపం మేకకు ఆకలైందని తనే కలిపింది. ముందు భయమైందని, తరువాత నవ్వొచ్చిందని మాటలు వెతుక్కుంటూ చెప్పింది. పక్కన పేపరు చదువుకుంటున్న నేను, చూసొచ్చిన దాన్నే మళ్లీ అడుగుడేందని నవ్వాను.

"గట్ల అడిగితేనే పిల్లకు మాటలొస్తయి నాన్నా. జరిగింది గుర్తుంటది, మనసుల ఏమున్నదో చెప్పుడు వస్తది. బళ్లె టీచర్ గూడ గదే చెప్పింది," అంది మా అమ్మాయి.

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. ముప్పై ఏళ్ల కింద ఆమె తల్లి, ఏ టీచరూ చెప్పకుండానే, ఇదే పని చేసేది.

అప్పట్లో నేను సారపాక కాగితం మిల్లులో, వెదురు లారీలు దిగే యార్డులో పనిచేసేవాణ్ణి. షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి ఒంటినిండా పొట్టు, చెవుల్లో యంత్రాల హోరు. గుమ్మంలో తల్లీకూతుళ్లు ఆనాటి కబుర్లు నెమరువేసుకుంటూ కూర్చునేవాళ్లు. ఇంట్లో పని లేనివాళ్ల ముచ్చట్లనుకునేవాణ్ణి. నా ఈడు మగవాళ్లలో చాలామంది అలాగే అనుకుని ఉంటారు. మూడేళ్ల పిల్లకు అన్నం, బట్ట, జ్వరమొస్తే దవాఖానా తప్ప మాట కూడా కావాలని మనకెవరు చెప్పారు?

ఒక ఎండాకాలం మా అత్తగారి ఊరు బోనకల్ వెళ్లాం, ఖమ్మం దాకా బస్సులో, అక్కడి నుంచి పాసింజరులో. రైలు దిగుతుంటే నా భార్య కాలి చెప్పు ఒకటి జారి పట్టాల మీద పడింది. రైలు దాని మీదుగా కదిలిపోయింది. ఆమె రెండో చెప్పు చేత్తో పట్టుకుని, పిల్లను చంకనెత్తుకుని, ఉత్తకాళ్లతో కాలే రోడ్డు మీద నా వెనకే నడిచింది, నవ్వడం వినిపిస్తూనే ఉంది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. జాగ్రత్త లేదని, నలుగురూ చూస్తున్నారని తిట్టుకుంటూ సంచి పట్టుకుని ముందు నడిచాను, అత్తగారి గుమ్మం దాకా తిడుతూనే ఉన్నాను. ఆ సాయంత్రమే తల్లీకూతుళ్లు దాన్నంతా కథ చేసుకున్నారు. రైలు చెప్పు తినేసిందంది పిల్ల. తిని ఏమన్నదే అని అడిగింది తల్లి. కూ అన్నదంట.

మేం ముగ్గురం కలిసి చేసిన ప్రయాణాల్లో అదే చివరిది. ఆ వానాకాలంలో మా అడవి ప్రాంతపు మలేరియా ఆమె మెదడుకెక్కి ఐదు రోజుల్లో తీసుకుపోయింది.

కొన్ని నెలలకు అత్తగారింట్లో ఆమె జ్ఞాపకార్థం ప్రార్థన పెట్టుకున్నాం. ప్రార్థన అయ్యాక అందరూ చాప మీద కూర్చుని ఉంటే, నాలుగేళ్లు నిండని మా పిల్ల మధ్యలో నిలబడి, అమ్మ చెప్పు రైలు తిన్నది అంటూ మొదలుపెట్టింది. చుట్టాలు కళ్లు తుడుచుకుంటూనే నవ్వుతున్నారు. అప్పుడు అమ్మ నన్ను ఎత్తుకుని నడిచింది, అప్పుడు నాన్న, అనబోయింది.

"గట్లేం జరగలే. అబద్ధాలు చెప్పకు," అన్నాను.

"జరిగింది గద నాన్నా," అంది మెల్లగా.

"జరగలే అన్న గద."

పిల్ల వాళ్ల అమ్మమ్మ వైపు చూసింది. అల్లుడి మాటకు అడ్డు చెప్పలేక ఆమె తల దించుకుంది. బాధ తట్టుకోలేక అలా అన్నానని అందరూ అనుకున్నారు, నేనూ ఏళ్ల తరబడి అదే చెప్పుకున్నాను. అది నిజం కాదు. నేను తిట్టిన సంగతి పదిమందిలో బయటపడుతుందని పిల్ల నోరు మూయించాను.

ఆ తరువాత మా పిల్ల వాళ్లమ్మ ఊసే ఎత్తలేదు. అన్నీ సర్దుకున్నాయని సంతోషించాను కూడా. రెండేళ్లకు ఒకసారి చెవి నుంచి చీము కారుతుంటే దవాఖానాకు తీసుకుపోయాను. ఎప్పటి నుంచి నొప్పి అని డాక్టరమ్మ అడిగితే, మా పిల్ల నా ముఖంలోకి చూసి, "మా నాన్నను అడుగుండ్రి," అంది. తన చెవి నొప్పి తనకు ఎప్పుడు మొదలైందో కూడా నేనే చెప్పాలి. డాక్టరమ్మ నా వైపు చూసింది. నాకు తెలియదు. బడిలోనూ అంతే, ఏం జరిగిందని ఎవరడిగినా తెల్వదనేది. నెమ్మదస్తురాలని అందరూ మెచ్చుకుంటే తలూపేవాణ్ణి.

ఆ సోమవారం పొద్దునే మనవరాలిని బడి వ్యానెక్కించి వచ్చాక మా అమ్మాయిని కూర్చోబెట్టి బోనకల్ సంగతంతా చెప్పాను. తనకేమీ గుర్తులేదంది. తల్లి ముఖం కూడా ఫోటోలో చూసిందే తప్ప తెలియదంది.

"నిజంగ జరిగిందా?"

"జరిగింది. నేనే జరగలేదన్న."

దువ్వెనలో చిక్కిన పిల్ల వెంట్రుకలు తీస్తూ కూర్చుంది. తరువాత అడిగింది, "అమ్మ నవ్వితే ఎట్లుండేది నాన్నా?"

నేను చెప్పలేకపోయాను. ఆ రోజు నేను ముందు నడిచాను, వెనక్కి తిరిగి చూడలేదు. ఆ నవ్వు చూసింది చంకలో ఉన్న పిల్ల ఒక్కతే.

మా అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు. డ్యూటీకి టైమవుతుందని లేచి వెళ్లిపోయింది. అన్నా బాగుండేది.

ఇప్పటి తండ్రులను చూస్తుంటాను. మా అల్లుడు ఆఫీసు నుంచి వస్తూనే పిల్ల పక్కన చతికిలబడి, ఇవ్వాళ ఏమైందో చెప్పమంటాడు, తప్పు చెప్పినా అవునా అంటాడు. తాను విసుక్కున్న సంగతి పిల్ల చెప్పినా, అవ్, నాదే తప్పంటాడు. ఆ ఒక్క మాట అనడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది, అప్పటికి వినవలసిన నాలుగేళ్ల పిల్ల లేదు.