గోడ లేని ఈత

ఆ రోజుల్లో అంటే ఏ కాలం నాటివో అనుకునేరు, మా పెళ్లయి నెల తిరగని రోజులు. చేతిలో ఫోను, ఒంటి మీద అత్తగారు పెట్టిన కొత్త చొక్కా, నెత్తి మీద కొత్త అల్లుడినన్న పొగరు. మరదళ్లు నవ్వితే చాలు, కొండ మీంచి దూకమన్నా దూకేవాణ్ణి. (వాళ్లు దూకమన్నది కొండ మీంచి కాదు, అదొక్కటే నా అదృష్టం.)

రాజంపేట నుంచి అత్తగారింటి వాళ్లంతా కలిసి నన్ను గండికోటకు తీసుకెళ్లారు. కోట చూశాక పెన్నా జలాశయంలో బోటు షికారు. బోటు నడిపే ఆయన అందరికీ నారింజ రంగు లైఫ్ జాకెట్లు ఇచ్చాడు. మా ఆవిడ వాళ్ల అవ్వ అందరికంటే ముందు చీర మీద తొడుక్కుని, "బాగుండాదే ఇది! చలికాలం ఇంట్లో గూడా ఏసుకోవచ్చు" అని సంబరపడింది. నేను మాత్రం, కొత్త చొక్కా నలిగిపోతోందని, ఒడ్డు దాటగానే గుట్టుగా విప్పేసి కాళ్ల దగ్గర పెట్టుకున్నాను.

"నీకు ఈత వస్తాదా బావా?" అంది చిన్న మరదలు.

"ఈతా? మా ఊరి బాయిలో నన్ను మించినోడు లేడు!" అన్నాను. అబద్ధం కాదు. కర్నూలు పక్కన మా పల్లెలో, వానలు పడిన ఏడు, పిల్లలందరం నడుముకు బెండ్లు కట్టుకుని దిగుడుబావిలోనే ఈత నేర్చుకున్నాం.

"అయితే దూకు బావా, వీడియో తీస్తాండా!" అంది పెద్ద మరదలు. "ఊరికుండండే, ఆయన నిజంగానే దూకుతారు" అంటూ మా ఆవిడ నా చొక్కా పట్టుకోబోయేలోపు దూకనే దూకాను.

నాలుగు బారలు ఠీవిగా వేశాను. ఆ తర్వాత అలవాటు కొద్దీ చెయ్యి చాచాను, గోడ కోసం. మా బావిలో నాలుగు బారలకల్లా రాతిగోడ చేతికి తగులుతుంది. దాన్ని పట్టుకుని ఊపిరి పీల్చుకుని, కాలితో తన్ని వెనక్కి తిరగడమే. నా ఈతంతా అంతే! ఇక్కడ గోడ ఏది? ఇంకో బార వేశాను. లేదు. పెన్నా నీళ్లలో నా కోసం గోడ ఎవరు కడతారండీ! అది తెలిసిన క్షణంలో కాళ్లూ చేతులూ ఈత మర్చిపోయాయి. బోటేమో గాలికి దూరం జరిగింది. గుటకలు గుటకలుగా నీళ్లు మింగాను. భయమేసింది, చచ్చేంత భయం. అంతలో బోటాయన తాడు కట్టిన ట్యూబు నా పక్కకు విసిరాడు. దాన్ని వాటేసుకున్నంత గట్టిగా నేను ఇంతవరకూ ఎవర్నీ వాటేసుకోలేదు. (ఈ వాక్యం మా ఆవిడ చదవకూడదు.)

పైకి లాగాక మరదళ్లు ఏడుపు లంకించుకున్నారు. "జాకెట్టు ఇచ్చింది కాళ్లకాడ పెట్టుకునేదానికి కాదప్పా!" అని బోటాయన గసిరాడు. "ఏడవగాకండే, మునగలేదు, తానం జేసినాడు" అని అవ్వ నా పరువు కాపాడబోయింది.

మా ఆవిడ జాకెట్టు తీసి నాకు తొడిగింది. పట్టీలు బిగిస్తూ ఒక్కసారిగా అందుకుంది: "మీకేమన్నా అయ్యింటే నా గతేం కావాల? ఈతంట, ఈత!" పెళ్లయిన నాటి నుంచి నాతో "కాఫీ తాగుతారా?" తప్ప మరో మాట ఎరగని మనిషి, ఒడ్డు చేరేదాకా తిడుతూనే ఉంది. ఆ వెర్రి కొత్త అల్లుడు ముక్కు వెంట నీళ్లు కారుతుంటే పళ్లికిలించి వింటూనే ఉన్నాడు.

నేను వేసిన మూడు ముళ్లకు బదులు ఆవిడ నాకు మూడు పట్టీలు బిగించింది. ఇప్పటికీ బోటెక్కితే అవి ఆవిడే బిగిస్తుంది. నాకు బిగించుకోవడం వచ్చు. రాదనే చెబుతాను.