బ్రేకు డ్రమ్ముతో నాచారం దాకా

హన్మకొండ నుంచి ఉప్పల్ మీదుగా వెళ్లే ఎక్స్‌ప్రెస్ పొద్దున ఐదూ నలభైకి. నేను ఐదుంబావుకే బస్టాండు చేరాను, భుజాన గోనెసంచితో. సంచిలో నా కారు ముందు ఎడమ చక్రం బ్రేకు సామానంతా ఉంది: డ్రమ్ము, దాని వెనక ప్లేటు, సిలిండరు, చక్రం అటూ ఇటూ తిరగడానికి ఆధారమైన లావుపాటి పిన్ను.

ఎందుకు బయల్దేరానో దాచడం దేనికి, కుళ్లుతోనే బయల్దేరాను. ఆదివారం మా మామగారి షష్టిపూర్తి మొక్కు చెల్లించడానికి ఇంటిల్లిపాదీ యాదగిరిగుట్టకు వెళ్లాలి. మామగారికి పాత కార్లంటే ప్రాణం. అల్లుళ్లిద్దరి దగ్గరా అవే ఉన్నాయి, అదీ ఒకే మోడల్ విదేశీ బండ్లు. ఆయన ఎవరి కారెక్కుతారన్నదే ప్రశ్న.

పెద్దల్లుడు, అంటే మా ఆవిడ అక్క భర్త సుధాకర్, తన గోధుమరంగు బండి బోల్టుతో సహా కంపెనీదేనని చెప్పుకుంటాడు. నా ఎర్ర బండిని మాత్రం ఎప్పుడో ఎవరో సరదాపడి మడ్గార్డులు కోసి, పెద్ద ఇంజను పెట్టి, ముందు భాగం కిందికి దించి రేసుబండిలా మార్చేశారు. నేను కొనేటప్పటికే అలా ఉంది. రోడ్డెక్కితే అందరూ తిరిగి చూస్తారు. కానీ ముందు బ్రేకుల్లో ఆయిలు కారుతోంది. లోపలి రబ్బర్లు మారిస్తే చాలు, ఏ బండి రబ్బర్లు పడతాయో చెప్పగల మెకానిక్కే మా ఊళ్లో దొరకలేదు. "ముందుగాల దాని ముందుభాగానికి తండ్రెవలో ఎతుకు తమ్మి" అన్నాడు సుధాకర్ అందరి ముందూ. మామగారు పగలబడి నవ్వారు. ఆ నవ్వుకు నాకు వారం రోజులు అన్నం సయించలేదు.

జనగామలో ఏడు గంటలకు పది నిమిషాలు ఆపారు. టీ బాగుంది, ఇడ్లీ జోలికి పోకండి. అక్కడ ఎక్కి నా పక్కన కూర్చున్న పెద్దావిడ పోచారంలో కూతురింటికి వెళ్తోందట. సంచి కాలికి తగిలి ఏముందని అడిగితే చెప్పాను. "బ్రేకులు సంచిల వెట్టుకొని తిరిగితే బండెట్ల ఆగుతది కొడుకా?" అంది. ఘట్‌కేసర్ దాకా నవ్వుతూనే ఉంది.

తొమ్మిదింబావుకు ఉప్పల్ రింగు రోడ్డులో దిగాను. మెట్రో స్తంభాల కోసం రోడ్డు తవ్వి చుట్టూ రేకులు కట్టారు. సంచితో అవతలికి చేరేసరికి పావుగంట పట్టింది. స్పేర్ పార్టుల దుకాణాలు వరసగా ఉన్నాయి. మొదటి దుకాణంలో డ్రమ్ము చూసి వ్యానుదన్నారు, రెండో చోట ప్లేటు చూసి జీపుదన్నారు. మూడో దుకాణాయన పిన్నును అరచేతిలో దొర్లించి, ఇది కొన్న సరుకు కాదు, లేత్ మీద చెక్కి తీసింది, నాచారంలో రాజలింగానికి చూపించమన్నాడు.

హబ్సిగూడ మీదుగా షేర్ ఆటోలో వెళ్లాను. బరువు ఉంటే డ్రైవరు పక్కన కూర్చోవడం మంచిది. ఫ్యాక్టరీ గోడల వెనక సందులో రేకుల షెడ్డు, ఒకే లేత్ మిషను. రాజలింగానికి డెబ్బై దగ్గరుంటాయి. పిన్నును కిరోసిన్‌లో కడిగి, దాని తల మీద గోటితో గీకాడు. మూడు చుక్కలు కనిపించాయి. ఈ లేత్ పనివాళ్లు తాము తీసిన సామాను మీద సుత్తితో, మొనదేలిన పంచుతో ఎవరి గుర్తు వారు కొట్టుకుంటారట.

"ఏ కంపెనీల ఎతికినా దొరకది సారు. ఇది నేను జేసిందే" అన్నాడు.

ఇరుసు జీపుది, డ్రమ్ములూ సిలిండర్లూ పాత పాల వ్యానువి. ఆ రెంటినీ కలపడానికి ఏ పిన్నూ కుదరక తానే తీశాడు. పాల వ్యాను రబ్బర్లు ఉప్పల్‌లోనే దొరుకుతాయన్నాడు. నా బండి తండ్రి నా ఎదుట స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. సుధాకర్‌కు అప్పుడే ఫోన్ చేయాలనిపించింది. మాటవరసకు, దీని అసలు ఇరుసు ఏమైందని అడిగాను.

"గా ఇరుసు పగిలింది సారు. స్ప్రింగు కాడ అతుకు వెట్టి, రంగేసి పెట్టిన. ఇంట్ల నిలవెట్టి సూసుకునే బండికైతే పర్వాలేదని జెప్పి ఓ బ్రోకర్‌కిచ్చిన. హన్మకొండల గోధుమరంగు బండాయన కంపెనీదే గావాలని కొనుక్కున్నడట."

హన్మకొండలో అలాంటి బండి ఒక్కటే ఉంది. నాకు ముందు కలిగింది సంతోషమే, అబద్ధమెందుకు. ఇన్నాళ్లూ అతను మురిసిపోయింది నా బండి విరిగిన ఇరుసు చూసుకుని. తర్వాత గుట్ట గుర్తొచ్చింది. ఘాట్ రోడ్డు ఎక్కి దిగగలదా అని అడిగాను.

"ఎక్కుతది. దిగేటప్పుడు బ్రేకు గట్టిగ వడితే బరువంత ముందటికొస్తది. అప్పుడు గా అతుకు ఆగదు."

ఉప్పల్ తిరిగొచ్చి రబ్బర్లు కొన్నాను. ఒంటిగంటకు మెస్సులో భోజనం చేశాను, ఏం తిన్నానో గుర్తు లేదు. మూడున్నర బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఘట్‌కేసర్ దాటాక సుధాకర్‌కు ఫోన్ చేసి విన్నదంతా చెప్పాను.

"నా బండికి వంక ఎతకనీకె నాచారం దాకా పోయినవా?" అన్నాడు. నా బ్రేకుల కోసమే వెళ్లానన్నాను. ఈసారి మెల్లగా అడిగాడు: "నిజంగ జెప్పు తమ్మి. బండి పగిలిందా, మామను నీ బండ్ల ఎక్కించుకునే ఉపాయమా?"

రెండూ నిజమే. పొద్దున ఐదింటి నుంచి నేను కోరుకున్నది రెండోదే. నా అసూయ ఇంట్లో అందరికీ తెలుసు, ఇప్పుడు నా నోట ఏ మాట వచ్చినా దాని వాసనే కొడుతుంది. ఒట్టేసినా నమ్మడు. ఆదివారం మామగారిని తన పక్కన కూర్చోబెట్టుకుని ఘాట్ దిగుతాడు.

"అన్నా, ఆదివారం నా బండి నువ్వే తోలు. మామ నీ పక్కనే కూసుంటడు. నేను ఆడోళ్లతోని సుమోల వస్త" అన్నాను.

"బ్రేకులు పడ్తయా?" అని అడిగాడు. పడతాయన్నాను. "గట్లనే కానీ" అని పెట్టేశాడు. నమ్మాడు.

ఈ ప్రయాణం గురించి నేను చెప్పగలిగేది ఇంతే: పాత బండి సామాను ఉంటే నాచారం వెళ్లండి, తెలియనిది తెలుస్తుంది. భువనగిరి దాటాక గుట్టకు తిరిగే తోవ వచ్చింది. ఆ మలుపులో నా ఎర్ర బండి కనిపించింది, మామగారు కనిపించారు, స్టీరింగు దగ్గర అతను కనిపించాడు. పొద్దుటి కుళ్లు అలాగే ఉంది. అతను నాకంటే బాగా నడుపుతాడు కూడా.