రెండుసార్లు ఉప్పు పడిన బొరుగులు

పొద్దున్నే బొరుగుల ఉగ్గాని తినకపోతే నాకు ఎవరో ఒకరి మీద కోపం వస్తుంది. అందుకని కోడుమూరులో మా వీధి చివరి బొరుగుల బట్టీ మంచిచెడ్డలు మా ఇంటి సంగతులకన్నా ఎక్కువ పట్టించుకుంటాను. బట్టీ అంటే నాకు నన్నీ బీనే. పెళ్లయి ఈ ఊరొచ్చిన ఏడాదే ఆమె ఆ పొయ్యి ముందు కూర్చుంది. కాగిన ఇసుకలో గుప్పెడు బియ్యం వేసి గిరగిరా తిప్పి, పొంగిన బొరుగుల్ని జల్లెడలోకి తోసేది. చేతులతో పాటు నోరూ ఆడేది. ఎవరింట్లో బర్రె ఈనింది, ఎవరి అల్లుడు అలిగాడు, డోన్ రైలు ఎందుకు ఆలస్యమైంది, అన్నీ అక్కడే తెలిసేవి. పేపరు తెప్పించుకోవడం దండగ అనిపించేది నాకు.

పోయిన ఏడాది ఆమె ఊపిరితిత్తులు పొగబారాయి. పొయ్యి ముందు ఇక కూర్చోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. బట్టీ నడిపేది కార్మికుల సంఘం. దాని పెద్ద ఈరన్న మంచివాడు, ఆమెను వెనక గదిలో ప్యాకెట్లు కట్టే పనికి మార్చాడు. నీడ ఉంది, ఫ్యాను ఉంది. అయినా నన్నీ బీ నెల తిరక్కుండానే వాడిపోయింది.

"ఈడ ఎవరితో మాట్లాడాలప్పా? కవర్లతోనా?" అని ఒకరోజు నన్ను నిలదీసింది.

ఆ తర్వాత కర్నూలు వైపు ఇంజనీరింగ్ కాలేజీ ఒకటి సంఘంతో ఒప్పందం చేసుకుంది. పిల్లలు సెమిస్టరంతా బట్టీకి వచ్చి పని నేర్చుకోవాలి, పొగ రాని పొయ్యి కట్టాలి. మార్కులు దానికే. ఆలూరు పిల్ల భువన ఆ జట్టును ముందుండి నడిపింది. పాత పొయ్యి పక్కనే కొత్తది లేచింది. మొదటిసారి గొట్టం పెట్టిననాడు పొగంతా తిన్నగా ఈరన్న ఇంట్లోకి పోయింది. ఆయన భార్య గిడ్డమ్మ చేటతో సహా వీధిలోకి వచ్చి కాలేజీని, ఈరన్నను కలిపి తిట్టింది. పిల్లలు గొట్టం ఎత్తు పెంచారు, గాలి దారి మార్చారు. ఈలోగా నన్నీ బీ గడప దగ్గర నిలబడి వాళ్లకు వేయించడం నేర్పింది. భువన మొదట వేయించినవాటిని బర్రెలు కూడా వాసన చూసి వదిలేశాయి.

"నావీ మొదట ఇంతేలేమ్మా" అని నన్నీ బీ ఆ పిల్ల వీపు తట్టింది.

చివరికి సంఘం ఒక మాట మీదికి వచ్చింది. రంజాన్ నెలలో ఒకరోజు కొత్త పొయ్యి మీద నన్నీ బీ వేయించాలి, సాయంత్రం అందరూ తిని చూడాలి. బాగుంటే ఆమె మళ్లీ పొయ్యి ముందుకు వస్తుంది. లేకపోతే ఉగాది గిరాకీకి ముందే దాన్ని పడగొట్టి, ఆ జాగాలో పాత రకందే కడతారు.

"పిల్లోళ్లకు మార్కులు పోతే ఇంకోతూరి తెచ్చుకుంటారు. నాకు ఈ పొయ్యి పోతే మళ్లా కవర్లే" అంది నన్నీ బీ. అది విన్నాక నాకు ఉగ్గాని కూడా సరిగా దిగలేదు.

ఆ రోజు ఆమె రోజా ఉపవాసంతోనే పీట మీద కూర్చుంది. పొగ లేదు. అయినా మూకుడు మూకుడుకీ కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

"పెద్దమ్మా, పొగ వస్తాందా?" అని భువన కంగారుపడింది.

"లేదు మ్మా. చెయ్యి అలవాటుకు పోతాండాది" అని నన్నీ బీ నవ్వింది. ఇక మాటలు మొదలుపెట్టింది. ఏడాదిగా దాచుకున్నవన్నీ ఒకేసారి బయటికొచ్చాయి. నేను పని మానుకుని అక్కడే కూలబడ్డాను.

సాయంత్రం బట్టీ ముందు చాపలు పరిచారు. రోజా విడిచే వేళకు మసీదు సైరన్ మోగింది. ఖర్జూరం తిన్నాక అందరం బొరుగులు గుప్పెడేసి నోట్లో పోసుకున్నాం. ఈరన్న మొహం మారిపోయింది. గిడ్డమ్మ నీళ్ల చెంబు కోసం వెతికింది. నా నాలుక ముడుచుకుపోయింది. ఉప్పు, ఒట్టి ఉప్పు!

నన్నీ బీ కూడా నోట్లో వేసుకుంది. ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"పొద్దున్నే బియ్యానికి ఉప్పునీళ్లు సరిగ్గానే పట్టిస్తి కదా" అంది నెమ్మదిగా.

భువన తెల్లబోయింది. "మీరు నమాజుకు పోయినప్పుడు నేనూ పట్టించినా పెద్దమ్మా. మీరు మర్చిపోయినారేమో అనుకున్నా."

ఉప్పు పట్టించాక ఒక గింజ నోట్లో వేసుకుని చూడటం ఆ బట్టీలో రోజూ ఉన్నదే. "మరి నువ్వు చూడలేదా పాపా?" అని ఈరన్న అడిగాడు.

"పెద్దమ్మ పస్తుతో పని చేస్తాంటే నాకెట్ల దిగుతాది? నేనూ ఉపాసమే ఉంటి."

"ఈయప్ప ఉండె కదా!" అని గిడ్డమ్మ మొగుడి వైపు చూసింది.

ఈరన్న తల గోక్కున్నాడు. "ఒక గింజ ఏసుకుందామనే పోయినా. రోజా ఉన్న మనిషి ముందర నమిలేది ఏం బాగుంటాదని ఊరకుంటి. నువ్వేం చేస్తివి మరి?"

"నేనూ అంతే" అంది గిడ్డమ్మ.

ఒకరిని చూసి ఒకరు మర్యాదగా నోళ్లు కట్టుకున్నారన్నమాట! నవ్వు ముందు నాకే వచ్చింది. నన్నీ బీ నవ్వలేదు. ఆమె చూపంతా ఈరన్న మీదే ఉంది.

ఈరన్న ఇంకో గుప్పెడు తీసుకుని అరచేతుల మధ్య నలిపి, దీపం కింద పట్టి చూశాడు. మాడింది లేదు, పొంగనిది లేదు.

"ఉప్పు ఏసింది మనం. పొయ్యి ఏసిందా? పొయ్యి దాని పని అది శానా బాగా చేసినాది" అన్నాడు. "నన్నీ బీ, రేపట్నుంచి ఆ పీట నీదే. ఒకటే షరతు. ఉప్పు ఒక్కరే ఏయాల."

భువన ఎగిరి గంతేసింది. ఇన్ని బొరుగులూ పాడైపోయినట్టేనా అని ఎవరో అడిగితే నాకు కోపం వచ్చింది. ఉగ్గానికి ఎటూ నీళ్లలో తడిపి పిండుతాం, ఉప్పు దానితోనే పోతుంది, ఇవ్వండి నేను తింటాను అన్నాను. మరునాటి నుంచి వీధి వీధంతా ఉప్పు వేయని ఉగ్గానే తిన్నది.

నన్నీ బీ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"పొగ లేదు కదా పెద్దమ్మా!" అని భువన ఆటపట్టించింది.

"అలవాటు మ్మా, అలవాటు" అంది ఆమె. అందరూ మళ్లీ నవ్వారు. పక్కనే కూర్చున్నాను కాబట్టి నాకు కనిపించింది. ఈసారి కొంగు తడిసింది.