ఎక్కడో వెలుగుతున్న అరవై వాట్లు

పదో తరగతి చదివే మా అమ్మాయి ఈ మధ్యాహ్నం ప్రాక్టికల్ అంటూ పుప్పాలగూడలో మా అద్దె ఫ్లాట్‌లో ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపేసింది. అయినా మీటరు 230 వోల్టులు, 0.26 ఆంపియర్లు చూపించింది.

“భాగిస్తే రెసిస్టెన్స్, గుణిస్తే పవర్. అరవై వాట్లు నాన్నా. ఎక్కడో గుండు బల్బు వెలుగుతోంది.”

మా ఇంట్లో అన్నీ ఎల్‌ఈడీలే. ఓనరుకు ఫోన్ చేశాను.

“మా అమ్మ పోయినప్పుడు, ఆమె పండుకున్న బెడ్రూముల దీపం ఆరొద్దని స్విచ్ లేకుండ బల్బు పెట్టినం సార్. ఫాల్స్ సీలింగ్ చేసినోళ్లు తీసిన్రనుకున్న.”

“ఎన్నేళ్లయిందండీ?”

“ఎనిమిదేండ్లు. గుండు బల్బు గన్నేండ్లు ఉంటదా సార్?”

మా మంచం ఆ గదిలోనే ఉంది. మెయిన్ ఆపితే సీలింగ్ పైన ఆ బల్బు ఆరిపోతుంది, కానీ నాకు, మా ఆవిడకు, అమ్మాయికి, ఎవరికీ చేతులు రావడం లేదు.

మీరైతే ఆపుతారా?