ముందే చెప్పి కొట్టేవాడు

ఏ పని చేసినా ముందు నోటితో చెప్పి, ఆ తర్వాతే ఒంటితో చెయ్యడం చాటింపు అలవాటు. కూర్చోబోతూ "కూర్చుంటున్నా" అంటాడు. లేవబోతూ "లేస్తున్నా" అంటాడు. తుమ్ము వచ్చేలా ఉంటే చెయ్యి పైకెత్తి "తుమ్ముతున్నా!" అని నలుగురికీ తెలియజేస్తాడు. తీరా ఆ తుమ్ము రాకపోతే "రాలేదు, ఏమనుకోకండి" అని కూడా అంటాడు. అందుకే జనం అతని అసలు పేరు మర్చిపోయి, చాటింపు అనే పిలిచేవారు.

ఇందులో వింతేముంది, వాగుడుకాయలు ఎక్కడైనా ఉంటారు అనుకుంటున్నారేమో. ఆగండి. చాటింపు బతుకుతెరువు బాక్సింగ్.

అవునండీ, బాక్సింగే! ఎదురుగా ఒకడు పిడికిళ్ళు బిగించి నిలబడి ఉంటే, "ఎడమ కొడుతున్నా! ఇదిగో కుడి! ఇప్పుడు డొక్కలోకి!" అని చెప్పి మరీ కొట్టే మహానుభావుణ్ణి మీరెక్కడైనా చూశారా? పళ్ళ మధ్య రబ్బరు కట్టు ఉన్నా సరే, ఆ గొంతు హాల్లో చివరి వరసదాకా వినబడేది. రిఫరీలు తల బాదుకునేవారు. "నోరు మూసుకుని ఆడవయ్యా బాబూ!" అంటే, "మూసుకుంటున్నా" అని చెప్పి మళ్ళీ మొదలెట్టేవాడు.

ఈ బాధంతా దగ్గరుండి పడ్డవాడు అతని బావమరిది. వృత్తి దర్జీ పని. పగలంతా మిషను తొక్కి, పోటీలున్న సాయంత్రం బావ మూలలో నీళ్ళ బకెట్టు పట్టుకుని నిలబడేవాడు. దర్జీకి కోపం ముక్కు మీదే ఉంటుంది, అబద్ధం మాత్రం నోట రాదు. "ఈ చొక్కా నాకు బాగుందా?" అని అడిగిన ఖాతాదార్లకు "చొక్కా బాగుంది" అని చెప్పి ఊరుకునే రకం.

ఒకసారి బావాబావమరుదులిద్దరూ బస్సులో వెళ్తుంటే ఎవడో దర్జీ జేబులో చెయ్యి పెట్టాడు. చాటింపు చూశాడు. చూసినవాడు టక్కున పట్టుకోవచ్చు కదా? "ఒరేయ్, నీ చెయ్యి పట్టుకుంటున్నా!" అని కేకేశాడు. వాడు పర్సుతో సహా దూకి పారిపోయాడు.

"ఆ చెప్పేదేదో పట్టుకున్నాక చెప్పకూడదా బావా!"

"అలవాటురా."

"అలవాటు నీది, పర్సు నాది!"

ఈ రోగం పట్టుకున్న కొత్తలో రింగులో ఎలాగో చెల్లిపోయింది. ఎడమ అన్న మాట అవతలివాడి చెవిలో పడేలోపే ఎడమచెయ్యి వాడి దవడ మీద పడేది. కానీ నలభై దాటాక వ్యవహారం తిరగబడింది. మాట ముందు వెళ్ళిపోయేది, చెయ్యి వెనకాల తీరుబడిగా బయల్దేరేది.

అలాంటి రోజుల్లో స్ప్రింగుతో పోటీ పడింది. స్ప్రింగు అంటే పాతికేళ్ళు నిండని బాక్సరు, నిలబడ్డ చోట కూడా గెంతుతూ ఉంటాడు కాబట్టి ఆ పేరు. మొదటి రౌండు ఎలాగో గడిచింది. రెండో రౌండులో చాటింపు "కుడి!" అని అరిచాడు. స్ప్రింగు తాపీగా పక్కకు జరిగి, ఆ కుడిచెయ్యి వచ్చి వెళ్ళేదాకా ఆగి, కింద నుంచి ఒక్కటిచ్చుకున్నాడు. హాలంతా లేచి నిలబడింది. చాటింపు కళ్ళు తేలేశాడు. అయినా నోరు మాత్రం డ్యూటీ దిగలేదు.

"పడుతున్నా!" అన్నాడు. పడ్డాడు.

రిఫరీ లెక్క మొదలెట్టాడు. మూడు దగ్గర "లేస్తున్నా" అని వినబడింది. ఆరు దగ్గర "ఇదిగో, లేస్తున్నా" అని వినబడింది. పది అయ్యాక కూడా చాటింపు లేస్తూనే ఉన్నాడు గానీ వీపు మాత్రం నేలను వదల్లేదు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. దర్జీకి మాత్రం నవ్వు రాలేదు, భయమేసింది.

భయపడ్డట్టే అయింది. "ఇలాంటిది ఇంకొకటి తగిలిందా, ఆ ఎడమ కన్ను మీద ఆశ వదులుకోవాల్సిందే" అన్నాడు డాక్టరు. ఆ మాట విన్నప్పటి నుంచి చాటింపు భార్య, అంటే దర్జీ అక్క, భర్త మొహం మీద మంచుగడ్డ అద్దుతూ ఒకటే పాట.

"మానేయండి."

"ఇంకొక్కటే."

"ఏ కన్నుతో ఆడతారు? ఉన్నదాంతోనా, పోయేదాంతోనా?"

"నా సంగతి కాదే. నేను మానేస్తే మేష్టారు ఏమైపోతారు? ఆయన మూలలో నిలబడి ఆడించడానికి నేను తప్ప ఇంకెవడున్నాడు?"

మేష్టారు అంటే చాటింపుకు పిడికిలి ఎలా బిగించాలో నేర్పిన గురువుగారు. డెబ్బై దగ్గర పడిన, పెళ్ళాం పిల్లలు లేని మనిషి, ఆ ప్రాక్టీసు హాలే ఇల్లు, ఆ రింగు మూలే లోకం.

ఇంతలో పోటీలు నడిపే కాంట్రాక్టరు కబురు పెట్టాడు. ఆదివారం ప్రాక్టీసు హాల్లో స్ప్రింగుతోనే మూడు రౌండ్లు ఆడి చూపించాలి. నిలబడితే ఇంకో పోటీ ఇస్తాడు, లేకపోతే దండ వేసి ఇంటికి పంపిస్తాడు. చాటింపు ఎగిరి గంతేశాడు. గంతేసేముందు చెప్పాడు కూడా.

"సరే, వెళ్ళండి" అంది భార్య. "కానీ మీరు నోరు విప్పకూడదు. ఆ చాటింపు వల్లే కదా ఇన్ని దెబ్బలు! నా మీద ఒట్టేస్తేనే గడప దాటనిస్తా."

చాటింపు మొహంలో నెత్తురు చుక్క లేదు. "నోరు మూసుకునేదానికి ఇంక ఆడటం ఎందుకే?"

"గెలవడానికి బావా!" అని అరిచాడు దర్జీ. "అందరూ అందుకే ఆడతారు!"

చివరికి చాటింపు "ఒట్టేస్తున్నా" అని చెప్పి, ఒట్టేశాడు.

ఆదివారం ప్రాక్టీసు హాలు కిటకిటలాడింది. చాటింపు మౌనవ్రతం అని తెలిస్తే ఎవరాగుతారు? కిటికీలు కూడా ఖాళీ లేవు. కాంట్రాక్టరు కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. మేష్టారు ఎప్పటిలాగే తాడు మీద ఒక చెయ్యి వేసి మూలలో నిలబడ్డారు. గంట మోగింది.

స్ప్రింగు గెంతుతూ వచ్చి ఆగాడు. ఏ చెయ్యో చెబుతాడు కదా, విని తప్పుకుందామని చెవులు రిక్కించాడు. మాట రాలేదు. ఎడమచెయ్యి వచ్చింది! ఆ ఆశ్చర్యంలోంచి వాడు తేరుకునేలోపు కుడి కూడా వచ్చింది!

"అమ్మో! అమ్మో అమ్మో!" దర్జీ బకెట్టు వదిలేశాడు. నీళ్ళు కాళ్ళ మీద పడ్డా తెలియలేదు. ఈ మనిషిలో ఇంత సరుకుందా? ఇన్నేళ్ళూ నోటితో పాడు చేసుకున్నాడా? జనం ఈలలు, కేకలు! కాంట్రాక్టరు కాలు కిందకు దించాడు. మానేయమని పోరిన అక్క కూడా బెంచీ మీద నుంచి లేచి "ఇంకొకటి! అటు వైపు ఇంకొకటి!" అని అరుస్తోంది. స్ప్రింగు వెనక్కి వెనక్కి నడిచి తాళ్ళకు ఆనుకున్నాడు. ఇంకొక్క దెబ్బ పడితే చాలు.

అప్పుడు వినబడింది మేష్టారి గొంతు.

"ఒరేయ్, ఏం కొడుతున్నావురా? ఎక్కడున్నావు?"

ఆయన తల అటూ ఇటూ తిప్పుతున్నారు. రింగు పక్కన గుద్దులు నేర్చుకునే సంచీ ఒకటి వేలాడుతోంది. జనం తోపులాటలో ఎవరో తగిలి అది ఊగుతోంది. మేష్టారు దాని వైపు తిరిగి, వేలు చూపిస్తూ గట్టిగా అందుకున్నారు. "ఆఁ, అలా ఊగు! గడ్డం దించు! దించరా అంటే వినవేం! దగ్గరకెళ్ళు!"

దర్జీ మొదట నవ్వాడు. తర్వాత మేష్టారి కళ్ళలోకి తేరిపార చూశాడు. దెబ్బకు చిట్లకుండా కనుబొమకు రాయాల్సిన వాజిలైను మేష్టారు బావ ముక్కుకు రాసిన రోజులు గుర్తొచ్చాయి. నీళ్ళసీసా నోటికి కాకుండా చెవికి పెట్టిన రోజులు గుర్తొచ్చాయి. అదంతా ఆయన మోటుతనం అనుకున్నాడు. కాంట్రాక్టరు మెల్లగా మేష్టారి వైపు తల తిప్పుతున్నాడు. చూపు లేని మనిషని తేలితే ఆయన్ని ఇంక ఏ మూలలోనూ నిలబడనివ్వడు.

స్ప్రింగు భుజం మీదుగా చాటింపు కూడా అది చూశాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది.

"మేష్టారూ!" హాలు అదిరిపోయింది. "నేనిక్కడ, మీ కుడి పక్కన! వాడు తాళ్ళ దగ్గరున్నాడు! ఎడమ కొడుతున్నా!"

మేష్టారు చటుక్కున ఇటు తిరిగారు. "చూస్తున్నా కదరా! మోచేతులు దగ్గర పెట్టు!"

స్ప్రింగు ప్రాణం లేచొచ్చింది. ఎడమ అన్నాడుగా, ఎడమ నుంచి తప్పుకుని డొక్కలో ఒకటి పెట్టాడు.

"పడుతున్నా మేష్టారూ!"

"పడకురా!"

"పడ్డా!"

"నోరు మూసుకుంటే పులి. మూసుకోలేడే, ఏం చేస్తాం" అని కాంట్రాక్టరు లేచి వెళ్ళిపోయాడు. మేష్టారి సంగతి అతనికి తట్టనే లేదు.

బట్టలు మార్చుకునే గదిలోకి అక్క పెనుతుఫానులా వచ్చింది. "నా మీద వేసిన ఒట్టు ఏమైందండీ?"

దర్జీ ఆగలేదు. "బావనేం అనకక్కా. మేష్టారికి కళ్ళు కనబడవు. బావ ఇన్నేళ్ళూ అరిచింది అవతలివాడి కోసం కాదు, ఈ మేష్టారి కోసం!"

"ఎవడ్రా చెప్పమన్నాడు నిన్ను!" అని లేచాడు చాటింపు.

అక్కడే ఉన్న మేష్టారు గోడ తడుముకుంటూ స్టూలు మీద కూర్చున్నారు. "నీకెప్పుడు తెలిసిందిరా?"

"ఒక కాలికి మీ చెప్పు, ఇంకో కాలికి నా చెప్పు వేసుకుని ఇంటికెళ్ళారు కదా మేష్టారూ, ఆరోజు."

"అయితే ఇంట్లో ఎందుకండీ ఆ గోల?" అంది అక్క, గొంతు తగ్గించి. "తుమ్ములు కూడా చెప్పాలా?"

"అలవాటు తప్పితే రింగులో మర్చిపోతానేమోనని."

మేష్టారు నవ్వడం మొదలెట్టారు. నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నారు. "ఓరి పిచ్చివెధవా! వీడికి భయం ఎక్కువ, అరుచుకుంటే గానీ కాళ్ళు ఆడవు, నా గొంతు వినకపోతే కూలబడతాడు అనుకున్నానురా నేను! చూపు పోయిందంటే నీ ధైర్యం పోతుందని దాచా. నడుము విరిగిపోతున్నా నిలబడ్డా. నువ్వెప్పుడు మానేస్తావా, నేనెప్పుడు వెళ్ళి పడుకుందామా అని చూస్తున్నా!"

"మీరెప్పుడు మానేస్తారా అని నేను చూస్తున్నా!"

"బాగుంది వరస!" అంది అక్క, నడుం మీద చేతులేసుకుని. "మీరూ మీరూ మర్యాదలకి పోతే, మధ్యలో దెబ్బలు నా మొగుడికి, మంచుగడ్డలు నాకూనా? లేవండి మేష్టారూ, మా ఇంటికి. ముందు గది ఖాళీగానే ఉంది."

"మానేస్తున్నా" అన్నాడు చాటింపు. అందరూ అతని వైపు చూశారు. "ఇదిగో, మానేశా."

అలా దండా, సన్మానం ఏమీ లేకుండా ఆ గదిలోనే రిటైరయ్యాడు. కానీ పోటీలకు వెళ్ళడం మాత్రం మానలేదు. మొదటి వరసలో మేష్టారు మధ్యన, అటు చాటింపు, ఇటు దర్జీ. మొన్నటికి మొన్న స్ప్రింగు ఎవడితోనో ఆడాడు. చాటింపు ఊగిపోతూ చెబుతున్నాడు. "వచ్చాడు మేష్టారూ! ఎడమ! అబ్బ, వంగి తప్పించుకున్నాడు! కుడి! ఇంకో కుడి! అయ్యయ్యో, అవతలివాడి మోకాళ్ళు వంగిపోతున్నాయి!"

మేష్టారు బెంచీ అంచుకు వచ్చేశారు. పిడికిళ్ళు బిగించి, అటూ ఇటూ తప్పుకుంటూ, గాల్లో గుద్దులు విసురుతున్నారు. ఆ మొహం మీంచి ఒక యాభై ఏళ్ళు రాలిపోయాయి.

దర్జీ రింగులోకి చూశాడు. ఇద్దరు బాక్సర్లూ అలిసిపోయి ఒకరి మీద ఒకరు వాలిపోయి నిలబడ్డారు. రిఫరీ ఒకడి గ్లవుజు తాడు ముడి వేస్తున్నాడు. వెనక వరసలో ఒకాయన ఆవలిస్తున్నాడు.

"ఏరా దర్జీ" మేష్టారు భుజం పట్టుకుని కుదిపారు. "మీ బావ గొప్పలు పోతున్నాడా? నువ్వు ఉన్నమాట చెబుతావు. నిజంగా అంత కొట్లాట జరుగుతోందా?"

దర్జీ బావ వైపు చూశాడు. బావ రింగు వైపు చూస్తున్నాడు.

"బావ మొహం, సగమే చెబుతున్నాడు మేష్టారూ!" అని దర్జీ బెంచీ ఎక్కి నిలబడ్డాడు. "అదిగో, వాణ్ణి గాల్లోకి లేపాడు!"