మూడో చీర ఎవరిది?

దగ్గరకు జరిగి కూర్చోండమ్మా, చేతిలో పని ఉంటే చేసుకుంటూనే వినండి. కరోనా పోయిన మూడో ఏడు, పెద్దల అమావాస్య నాడు, కంబదూరు దగ్గర ఒక పల్లెలో జరిగిన సంగతి ఇది. తలచుకుంటే ఇప్పటికీ నాకు కుదురుగా కూర్చోబుద్ధి కాదు.

నేను చదివింది ఐదో తరగతి. అనంతపురంలో ఒక నరాల ఆసుపత్రిలో ఆయాగా చేరాను. ఎవరు ఎవరికి ఏమవుతారో ఒకసారి వింటే మరిచిపోను. అది చూసి మా డాక్టరమ్మ నన్ను ఎంఎస్ పరిశోధనలోకి తీసుకుంది. ఎంఎస్ అంటే మల్టిపుల్ స్క్లెరోసిస్. ఒంటికి కాపలా కాయాల్సిన బలగమే తిరగబడి నరాల పైపొరను కొరికేస్తుంది. బోరు మోటారు వైరు పైతోలు ఊడితే కరెంటు తడబడదూ, అట్లా చూపు మసకబారుతుంది, కాళ్లు తిమ్మిరెక్కుతాయి. నా పని పెడిగ్రీ చార్ట్ గీయడం, అంటే జబ్బు మనిషి వంశాన్ని బొమ్మగా వేయడం. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్నా, చనిపోయినవాళ్లకు అడ్డగీత, జబ్బున్నవాళ్లకు లోపల నలుపు.

ఆ పల్లెలో మేం వెళ్లిన ఇంటి ఆడపిల్ల సుజాతకు ఇరవై ఏడేళ్లు. ఎంఎస్ బయటపడి రెండేళ్లయింది, మందులతో బాగానే నడుస్తోంది. బిడ్డను కనాలా వద్దా అన్నదే ఆమెను తినేస్తున్న ప్రశ్న. మగడు మంచివాడు, నీ ఇష్టమే అన్నాడు. పండక్కి పుట్టింటికి వచ్చింది. పరీక్షకు అందరి రక్తమూ ఒకచోటే తీసుకోవచ్చని డాక్టరమ్మా నేనూ ఆ రోజే వెళ్లాం.

గోడ వారన పీట మీద, చనిపోయిన పెద్దలకు కొత్తబట్టలు పెట్టి ఉన్నాయి. రెండు పంచెలు, మూడు చీరలు. నా చార్టులో అడ్డగీత పడ్డ ఆడవాళ్లేమో ఇద్దరే, సుజాత తల్లి, ముత్తవ్వ.

"మూడో చీర ఎవరిదన్నా?" అని సుజాత నాయన తిప్పన్నను అడిగాను.

"ఏమ్మా, రక్తానికని వచ్చి చీరలు ఎంచుతాండావే! ఆ నీలంది నచ్చిందా ఏమి?" అని ఎగతాళి చేశాడు. నవ్వాడు గానీ చూపు తిప్పుకున్నాడు.

మంచం మీద కూర్చున్న సుజాత అవ్వ అందుకుంది. "చెప్పురా. నేను పోయినంక ఎవురు చెప్తారు?"

తిప్పన్న తల వంచుకున్నాడు. "అది మాయమ్మది. నరసమ్మది."

"మీయమ్మ ఈడ కూర్చోనుండాది కదా నాయనా!" అంది సుజాత.

"నన్ను పెంచింది ఈయమ్మ. కన్నది ఈయమ్మ ఆడబిడ్డ."

అవ్వ చెప్పుకొచ్చింది. "అప్పుడు కణేకల్ కాడ ఉంటిమి. వీణ్ణి కన్న రెండేళ్లకు నరసమ్మకు ఒక కన్ను కనపడకుండా పాయ. నెల తిరిగేసరికి మళ్లీ కనపడె. తర్వాత కాళ్లు బిగుసుకుపాయ. గాలి సోకిందన్నారు, మొగుడు వదిలేసినాడు. అది పోయినంక వీణ్ణి నా కొడుకని చెప్పుకొని ఈ ఊరికి వచ్చేస్తిమి. ఆ మాట తెలిస్తే ఈ ఇంటి పిల్లను ఎవురు చేసుకుంటారు?"

ఒక కంటి చూపు పోయి మళ్లీ రావడం ఎంఎస్‌లో తరచూ కనబడే మొదటి గుర్తు! డాక్టరమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది. నేను గబగబా అవ్వ సున్నాను చెరిపి, నరసమ్మ సున్నాను తిప్పన్న పైన గీశాను.

"అయితే మా రక్తంలోనే ఉండాది," అంది సుజాత. "ఇంక నాకు బిడ్డ వద్దులే."

కొత్త జాడ దొరికిందన్న నా సంబరమంతా ఆవిరైపోయింది. ఎందుకు అడిగానా అనుకున్నాను.

డాక్టరమ్మ ఆమె పక్కన చాప మీద కూర్చుంది. "ఇటు చూడు తల్లీ. నరసమ్మగారికి ఎంఎస్సేనని నేను చెప్పలేను. అప్పట్లో స్కాన్ లేదు. చార్టులో నలుపు వేయం, ప్రశ్న గుర్తే పెడతాం. ఇంకో మాట. ఇది ఒక్క చెడ్డ జీన్‌తో దిగే జబ్బు కాదు. వందల చోట్ల చిన్నచిన్న తేడాలు కలవాలి, వాటికి ఒక వైరస్సో, పొగతాగడమో, డి విటమిన్ తగ్గడమో తోడవ్వాలి. అచ్చు ఒకేలా ఉండే కవలల్లో ఒకరికి వచ్చినా, చాలాసార్లు రెండోవాళ్లకు రాదు. తల్లికి ఉంటే బిడ్డకు అవకాశం మామూలు కంటే కాస్త ఎక్కువే. కానీ ఎక్కువమంది పిల్లలకు రాదు."

"మరి మా రక్తమంతా మీకెందుకు మేడమ్?"

"ఇన్నాళ్లూ ఎక్కువగా తెల్లవాళ్ల రక్తంలోనే వెతికారు. మనవాళ్లలో ఉన్న తేడాలు అవేనా, వేరేవా అని ఇప్పుడు చూస్తున్నాం. జబ్బు ఎవరికొస్తుందనే కాదు, వచ్చాక ఎవరికి ముదురుతుంది, ఎవరికి నెమ్మదిస్తుంది అన్నది కూడా జీన్స్‌లోనే వెతుకుతున్నాం."

తిప్పన్న చొక్కా చేయి పైకి మడిచాడు. "నేనూ ఆయమ్మ కొడుకునే కదా పాపా. అరవై నిండినాయి. పొద్దున కూడా చేనంతా తిరిగి వచ్చినా. మేడమ్, నా రక్తం తీసుకోండి, మాయమ్మ వంతుది కూడా."

"ఒక్క మనిషిని చూసి లెక్క తేల్చకూడదు," అని డాక్టరమ్మ నవ్వింది, నవ్వుతూనే సూది తీసింది.

సుజాత నాయన చేతిలోకి దిగుతున్న సూదిని చూసింది. తర్వాత అడిగింది. "ఈ మందు మీద కడుపు రాకూడదన్నారే మేడమ్. దాన్ని ఎప్పుడు మార్చాల?"

నాకు ఈల వేయాలనిపించిందంటే నమ్మండి!

అప్పటినుంచి ఏ గడప తొక్కినా, జబ్బెవరికని ముందు అడగను. మీరు ఎవరెవరిని తలుచుకుంటారని అడుగుతాను. దాచిన మనుషులు అక్కడే దొరుకుతారు. ఆ సంగతి విని ఇంట్లోవాళ్లు భయపడకుండా, భయం తీర్చే మాట తెలిసినవాళ్లను పక్కన పెట్టుకుని అడగాలని కూడా ఆ రోజే నేర్చుకున్నాను.

ఓపిగ్గా విన్నారు. మీ ఇంట పుట్టినవాళ్లూ పుట్టబోయేవాళ్లూ తేటైన కళ్లతో, చురుకైన కాళ్లతో నూరేళ్లు తిరగాలి తల్లీ.